ఒకే ఫార్ములా, ఏడు అణువులు: స్పెక్ట్రాలతో గుర్తింపు ఎలా సాగుతుంది

ఎనిమిది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. ఈ పరమాణువులతో కాగితం మీద గీయగల అణువులు లెక్కకు మిక్కిలి. వాటిలో బెంజీన్ వలయం ఉన్నవి ఒక ఏడింటిని తీసుకుందాం: మిథైల్ బెంజోయేట్, ఫినైల్ ఎసిటేట్, బెంజైల్ ఫార్మేట్, ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం, పారా టోలుయిక్ ఆమ్లం, పారా అనిసాల్డిహైడ్, పారా హైడ్రాక్సీ ఎసిటోఫినోన్. మూడు ఎస్టర్లు, రెండు ఆమ్లాలు, ఒక ఆల్డిహైడ్, ఒక కీటోన్. అన్నిటి అణుభారమూ 136. చీటీ ఊడిపోయిన సీసాలో వీటిలో ఒకటి ఉంటే, అదేదో తేల్చడం ఎలా?

కర్బన రసాయన శాస్త్రం చదివేవారికి ఈ ప్రశ్న తప్పదు. పాఠ్యపుస్తకాలు దీనికి జవాబుగా పట్టికలు ఇస్తాయి: ఈ తరంగ సంఖ్య దగ్గర పట్టీ కనిపిస్తే ఈ సమూహం, ఇన్ని పీపీఎం (సిగ్నల్ స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర సిగ్నల్ వస్తే ఈ హైడ్రోజన్. పట్టికలు అక్కరకొచ్చేవే. కానీ పట్టిక చూసి పేరు పెట్టే అలవాటు అసలు సంగతిని మరుగున పడేస్తుంది. ఏ స్పెక్ట్రమూ అణువు పేరు చెప్పదు. ఏది కాదో మాత్రం గట్టిగా చెబుతుంది. గీయగలిగిన నిర్మాణాలను ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ పోగా, ఎంత ప్రయత్నించినా కొట్టివేయలేనిది ఒకటి మిగలాలి. రెండు మిగిలితే పని పూర్తి కానట్టే. ఒక్కటీ మిగలకపోతే, సరైన నిర్మాణాన్ని ఇంకా ఎవరూ గీయలేదన్నమాట.

మొదట ఫార్ములా కావాలి. దాన్ని ఇచ్చేది మాస్ స్పెక్ట్రం, అంటే అణువునూ దాని ముక్కలనూ అయాన్లుగా మార్చి వాటి భారాలను కొలిచిన చిత్రం. అయితే 136 అనే పూర్ణాంకం చేతికొస్తే చాలదు. పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు ఉన్న లిమోనీన్ భారమూ 136 దగ్గరే ఉంటుంది. తొమ్మిది కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసినా అంతే. తేడా దశాంశాల్లో బయటపడుతుంది. కార్బన్ 12 భారాన్ని కచ్చితంగా 12గా నిర్వచించారు. హైడ్రోజన్ భారం 1.007825, ఆక్సిజన్ భారం 15.9949. వీటిని కూడితే లిమోనీన్‌కు 136.1252, రెండో దానికి 136.0888, మన ఏడింటికీ 136.0524 వస్తాయి. అధిక విభేదన శక్తి ఉన్న మాస్ స్పెక్ట్రోమీటరుకు ఈ మూడింటినీ వేరు చేయడం కష్టమేమీ కాదు.

మాస్ స్పెక్ట్రంలో మరికొన్ని చౌక సాక్ష్యాలూ దొరుకుతాయి. అణుభారం బేసి సంఖ్య అయితే అణువులో నైట్రోజన్లు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్య అయితే నైట్రోజన్ లేకపోవచ్చు, లేదా సరి సంఖ్యలో ఉండవచ్చు. క్లోరిన్ ఒకటి ఉంటే రెండు యూనిట్ల ఎడంలో రెండు పీక్‌లు దాదాపు మూడుకు ఒకటి నిష్పత్తిలో కనిపిస్తాయి. బ్రోమిన్ అయితే రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఆ జంటను ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు. 136, 138 దగ్గర అలాంటి జంట లేదంటే ఆ రెండు మూలకాలనూ అక్కడికక్కడే పక్కన పెట్టవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎలక్ట్రాన్ తాకిడితో అయనీకరించే పాత పద్ధతిలో కొన్ని అణువులు నిలవకుండా ముక్కలైపోతాయి. చాలా ఆల్కహాల్‌లకు అణు అయాను పీక్ కనిపించదు, లేదా మరీ చిన్నదిగా ఉంటుంది. అప్పుడు కుడివైపు చివర ఉన్న పీక్‌ను అణుభారం అనుకుంటే మొదటి అడుగే తప్పు పడుతుంది. జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ బహుమతి తెచ్చిన ఎలక్ట్రోస్ప్రే పద్ధతి అణువును మెత్తగా అయనీకరిస్తుంది. కానీ అక్కడ కనిపించేది అణుభారం కన్నా ఒకటి ఎక్కువగానో, సోడియం అతుక్కుని 23 ఎక్కువగానో ఉంటుంది. ఆ లెక్క మరచినా ఫార్ములా తప్పుతుంది, ఆపైన వేసే అడుగులన్నీ వృథా అవుతాయి.

ఫార్ములా దొరికాక ఒక చిన్న లెక్క చేయాలి. ఎనిమిది కార్బన్ల సంతృప్త అణువు 18 హైడ్రోజన్లను మోయగలదు. ఇక్కడ ఉన్నవి ఎనిమిదే. పది తక్కువయ్యాయి కాబట్టి అందులో సగం, అంటే ఐదు, అసంతృప్తత స్థాయి. ప్రతి వలయానికీ ఒకటి, ప్రతి ద్విబంధానికీ ఒకటి, త్రిబంధానికి రెండు. ఆక్సిజన్ ఈ లెక్కలోకి రాదు. బెంజీన్ వలయం ఒక్కటే నాలుగు తీసుకుంటుంది. మిగిలిన ఒక్కటి మన ఏడింటిలోనూ కార్బన్, ఆక్సిజన్ మధ్య ద్విబంధం, అంటే కార్బొనిల్. ఒక నిమిషం కూడా పట్టని ఈ లెక్కను వదిలేసి నేరుగా పీక్‌ల వేటలో పడేవారు ఎందరో. తర్వాత గంటలు పోగొట్టుకునేదీ వాళ్లే.

ఇక పరారుణ స్పెక్ట్రం, అంటే అణువు పరారుణ కాంతిని ఎక్కడెక్కడ శోషిస్తుందో చూపేది. బంధాలు స్ప్రింగుల్లా కంపిస్తాయి. గట్టి బంధం, తేలిక పరమాణువులు అయితే కంపనం వేగంగా ఉంటుంది. ఆ వేగాన్ని సెంటీమీటరుకు ఎన్ని తరంగాలు అన్న లెక్కలో తరంగ సంఖ్యగా రాస్తారు. కార్బొనిల్ పట్టీ చాలా బలమైనది, దాదాపు 1650 నుంచి 1820 మధ్యలో వస్తుంది. మామూలు కీటోన్‌కు 1715, ఎస్టర్‌కు 1740 దగ్గర అని పట్టికలు చెబుతాయి. కానీ ఆ అంకెలను కంఠస్థం చేయడం కన్నా అవి ఎందుకు కదులుతాయో తెలుసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఫినైల్ ఎసిటేట్‌లో కార్బొనిల్ పక్కనున్న ఆక్సిజన్ తన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను బెంజీన్ వలయంతో కూడా పంచుకుంటుంది. కార్బొనిల్‌కు అందే వాటా తగ్గి దాని ద్విబంధ లక్షణం గట్టిగా నిలుస్తుంది. పట్టీ 1765 దగ్గరికి ఎగబాకుతుంది. పారా హైడ్రాక్సీ ఎసిటోఫినోన్‌లో జరిగేది దీనికి తలకిందులు. వలయానికి ఆ చివరనున్న హైడ్రాక్సిల్ ఎలక్ట్రాన్లను కార్బొనిల్ వైపు తోస్తుంది, బంధం సడలుతుంది, పట్టీ 1660 లోపలికి కూడా జారగలదు. మిథైల్ బెంజోయేట్‌లో వలయం నేరుగా కార్బొనిల్‌కు అతుక్కుని ఉండటంతో పట్టీ మామూలు ఎస్టర్ స్థానం నుంచి 1720 దగ్గరికి దిగుతుంది. చిన్న వలయాల్లో కార్బొనిల్ ఇరుక్కుంటే పట్టీ మళ్లీ పైకి పోతుంది: సైక్లోహెక్సనోన్‌కు 1715, సైక్లోపెంటనోన్‌కు 1745, సైక్లోబ్యూటనోన్‌కు 1780 దగ్గర. ఇలా ఒకే పట్టీ తన స్థానంతోనే ఇరుగుపొరుగు గురించి ఇంత సమాచారం ఇస్తుంది.

మన సీసాలోని ద్రవానికి 1720 దగ్గర బలమైన పట్టీ వచ్చిందనుకుందాం. ఇక లేనివి ఏమిటో చూడాలి. 2500 నుంచి 3300 దాకా పరచుకునే వెడల్పాటి ఆమ్ల పట్టీ లేదు. దాంతో రెండు ఆమ్లాలూ పోయాయి. 3200 నుంచి 3550 మధ్య హైడ్రాక్సిల్ పట్టీ లేదు, కాబట్టి హైడ్రాక్సీ ఎసిటోఫినోన్ కూడా కాదు. 2720, 2820 ప్రాంతంలో ఆల్డిహైడ్ చూపే జంట పట్టీ లేదు, అనిసాల్డిహైడ్‌నూ తీసేయవచ్చు. ఏడింటిలో నాలుగు కేవలం లేమి వల్ల తప్పుకున్నాయి. ఉన్న పట్టీ తన స్థానంతో ఫినైల్ ఎసిటేట్‌ను తోసిపుచ్చింది. మిథైల్ బెంజోయేట్, బెంజైల్ ఫార్మేట్ మిగిలాయి. వాటి కార్బొనిల్ పట్టీల మధ్య తేడా అతి స్వల్పం. అంత చిన్న తేడాను నమ్ముకుని తీర్పు చెప్పేవారిని చూస్తే భయపడాలి.

కనిపించలేదన్న మాటకు అన్నిచోట్లా ఒకే విలువ ఉండదు. కార్బొనిల్ పట్టీ లేదంటే కార్బొనిల్ లేదనే అర్థం. కానీ త్రిబంధం పట్టీ లేదంటే త్రిబంధం లేదని అనలేం. కంపించేటప్పుడు ద్విధ్రువ భ్రామకం మారితేనే బంధం పరారుణాన్ని శోషిస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే ఆల్కైన్‌లో ఆ మార్పు జరగదు కాబట్టి అది ఎదురుగా ఉన్నా కనిపించదు. దీనికి విరుద్ధమైన మోసమూ ఉంది. పొటాషియం బ్రోమైడ్ బిళ్ల తేమ పీల్చుకుంటే 3400 దగ్గర పట్టీ వస్తుంది, అణువులో లేని హైడ్రాక్సిల్ ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు ఎన్‌ఎంఆర్, అంటే కేంద్రక అయస్కాంత అనునాదం: అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలు ఇచ్చే సిగ్నల్‌లను చదివే పద్ధతి. 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్ బృందం, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం విడివిడిగా ఈ దృగ్విషయాన్ని ప్రకటించాయి. వారిద్దరికీ 1952లో నోబెల్ వచ్చింది. భౌతిక శాస్త్రజ్ఞులకు అప్పట్లో కావలసింది కేంద్రకాల అయస్కాంత భ్రామకాల కచ్చితమైన విలువ మాత్రమే. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను బట్టి ఆ విలువ కదలడం వాళ్లకు ఒక చికాకు. 1951లో స్టాన్‌ఫర్డ్‌లోనే ఆర్నాల్డ్, ధర్మత్తి, ప్యాకర్డ్ కలిసి ఇథనాల్‌లోని హైడ్రోజన్లు మూడు వేర్వేరు సిగ్నల్‌లు ఇస్తాయని చూపారు: మిథైల్‌వి మూడు, మిథిలీన్‌వి రెండు, హైడ్రాక్సిల్‌ది ఒకటి. ఆ చికాకే రసాయన శాస్త్రజ్ఞులకు పెన్నిధి అయింది. ఆ ముగ్గురిలో శ్రీనివాస ధర్మత్తి తర్వాత ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఎన్‌ఎంఆర్ పరిశోధనకు పునాది వేశారు.

కార్బన్ ఎన్‌ఎంఆర్‌లో మొదట చేసే పని సిగ్నల్‌లు లెక్కపెట్టడం. సౌష్ఠవం వల్ల ఒకేలా ఉన్న కార్బన్లు ఒకే చోట పడతాయి. బెంజీన్ వలయం మీద రెండు మిథైల్‌లున్న జైలీన్‌లు మూడింటి మాస్ స్పెక్ట్రాలు దాదాపు ఒకేలా ఉండి ఏమీ తేల్చవు. కార్బన్ సిగ్నల్‌లు లెక్కపెడితే చాలు, సమస్య క్షణంలో తీరుతుంది: ఆర్థోకు నాలుగు, మెటాకు ఐదు, పారాకు మూడు. ఇదే ఉపాయాన్ని మన ఏడింటి మీద ప్రయోగిస్తే వచ్చే ఫలితం వినోదంగా ఉంటుంది. ఏడింటికీ ఆరేసి సిగ్నల్‌లే! ప్రతి దానిలోనూ వలయం నాలుగు రకాల కార్బన్లు ఇస్తుంది, బయటి రెండూ రెండు. ఒకచోట అంతా తేల్చిన సాధనం మరోచోట పూర్తిగా మూగబోయింది. స్పెక్ట్రాలలో ఏది గొప్పది అనే చర్చకు అర్థం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఎదురుగా ఉన్న అనుమానితులను బట్టే ప్రతి సాక్ష్యానికీ బలం.

లెక్క పనికి రాకపోయినా స్థానాలు పనికొస్తాయి. మన నమూనాలో 52 పీపీఎం దగ్గర ఒకటి, 128 నుంచి 133 మధ్య నాలుగు, 167 దగ్గర ఒకటి ఉన్నాయి. కీటోన్, ఆల్డిహైడ్ కార్బొనిల్ కార్బన్లు 190 పైన వస్తాయి. 160 నుంచి 185 మధ్య వచ్చేవి ఆమ్లాలు, ఎస్టర్లు, అమైడ్‌లు. 52 ఆక్సిజన్‌కు అతుక్కున్న మిథైల్‌కు సరిపోతుంది. బెంజైల్ ఫార్మేట్‌లో ఆక్సిజన్ పక్కనున్న మిథిలీన్ 65 దాటి ఉండాలి.

హైడ్రోజన్ ఎన్‌ఎంఆర్ దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. 3.9 పీపీఎం దగ్గర విడిపోని ఒకే గీత, దాని వైశాల్యం మూడు హైడ్రోజన్లకు సమానం. 8.0 దగ్గర రెండు, 7.55 దగ్గర ఒకటి, 7.4 దగ్గర రెండు. బెంజైల్ ఫార్మేట్ అయితే 5.2 దగ్గర రెండు హైడ్రోజన్ల గీత, 8.1 దగ్గర ఒక్క హైడ్రోజన్ గీత, వలయపు ఐదూ 7.35 చుట్టూ గుంపుగా కనిపించాలి. అలా లేదు. పైగా వలయపు హైడ్రోజన్లలో రెండు మాత్రమే విడిగా 8.0కు వెళ్లడం ఒక కథ చెబుతుంది. వలయానికి కార్బొనిల్ నేరుగా అతుక్కుని ఉంటే దాని రెండు పక్కల హైడ్రోజన్ల నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత తగ్గుతుంది, అవి అటు జరుగుతాయి. ఫినైల్ ఎసిటేట్‌లో వలయానికి అతుక్కున్నది ఆక్సిజన్ కాబట్టి అలా జరగదు. దాని మిథైల్ కూడా 2.3 దగ్గరే ఉంటుంది.

సిగ్నల్‌లు విడిపోయే తీరుకు తరగతి గదిలో నేర్పే నియమం ఒకటుంది: పక్కన ఎన్ని హైడ్రోజన్లు ఉంటే దానికన్నా ఒకటి ఎక్కువ గీతలు. సులువైన నియమం, అంతే సులువుగా విఫలమవుతుంది. రెండు సిగ్నల్‌లు మరీ దగ్గరైనా, పక్కనున్న హైడ్రోజన్లు ఒకదానికొకటి సమానం కాకపోయినా గీతలు చిక్కుపడిపోతాయి. గీతల సంఖ్య కన్నా వాటి మధ్య ఎడం నమ్మదగ్గది. ద్విబంధానికి ఒకే వైపున్న రెండు హైడ్రోజన్ల మధ్య ఆ ఎడం 6 నుంచి 12 హెర్ట్జ్, ఎదురెదురు వైపులైతే 12 నుంచి 18. సిస్, ట్రాన్స్ రూపాలను వేరు చేయడానికి తరచుగా ఈ ఒక్క కొలత చాలు.

మళ్లీ మాస్ స్పెక్ట్రం దగ్గరికి వద్దాం. 136 తర్వాత 105, 77, 51 దగ్గర పీక్‌లున్నాయి. 136 నుంచి 105కు 31 పోయింది, అది మిథాక్సీ భారం. 105 నుంచి 77కు 28 పోయింది, అది కార్బన్ మోనాక్సైడ్. ఫినైల్ ఎసిటేట్ అయితే కీటీన్‌ను, అంటే 42ను వదిలి 94 దగ్గర ఎత్తైన పీక్ ఇచ్చేది. 105 అంటే బెంజోయిల్ (బెంజీన్ వలయానికి కార్బొనిల్ చేరిన ముక్క) అని బట్టీ పట్టినవారు చాలామంది. ఎనిమిది కార్బన్లు, తొమ్మిది హైడ్రోజన్లు ఉన్న ముక్క భారమూ 105 అన్నది వారికి గుర్తుండదు. ఇక్కడ ఆ అనుమానం నిలవకపోవడానికి కారణం పట్టికలో దొరకదు. అణువులో ఉన్నవే ఎనిమిది హైడ్రోజన్లు, వాటి నుంచి తొమ్మిది హైడ్రోజన్ల ముక్క ఊడిపడదు. మొదట్లో కష్టపడి సంపాదించిన ఫార్ములా ఇక్కడ అక్కరకొచ్చింది. సీసాలో ఉన్నది మిథైల్ బెంజోయేట్.

నిజమైన నమూనాలు ఇంత శుభ్రంగా ఉండవు. డ్యూటీరియేటెడ్ క్లోరోఫామ్‌లో తీసిన స్పెక్ట్రంలో 7.26 దగ్గరి గీత ద్రావణిదే, 1.56 దగ్గరిది నీటిది, 2.17 దగ్గరిది గాజు సామాను కడిగిన ఎసిటోన్‌ది కావచ్చు. 1.26, 2.05, 4.12 మూడూ కలిసి కనిపిస్తే ఇథైల్ ఎసిటేట్ పూర్తిగా ఆరలేదని అర్థం. మాస్ స్పెక్ట్రంలో 149 వస్తే ముందు ప్లాస్టిక్‌లోని థాలేట్‌ను అనుమానించాలి. ఈ అంకెలు తెలియనివారు ద్రావణిని కూడా అణువులో ఇరికించే ప్రయత్నం చేస్తారు. అది అనుభవంతో పోయే పొరపాటు. అంతకన్నా ప్రమాదకరమైనది తెలిసినవారు చేసేది: తమ నిర్మాణానికి ఇమడని గీతనల్లా మలినం కింద జమకట్టడం. దానికి విరుగుడు వైశాల్యాల నిష్పత్తి. మలినం గీత మిగతావాటితో పూర్ణాంకాల నిష్పత్తిలో ఉండటం అరుదు, మరోసారి శుద్ధి చేస్తే దాని వాటా మారుతుంది. నమూనా మారినా నిష్పత్తి మారకపోతే ఆ గీత అణువుదే. అప్పుడు మారవలసింది నిర్మాణం.

అణువు పెద్దదయ్యే కొద్దీ ఒక్కో గీతనూ విడిగా చదవడం కుదరదు. రిచర్డ్ ఎర్న్‌స్ట్‌కు 1991లో నోబెల్ తెచ్చిన కృషిలో భాగమైన రెండు మితుల ఎన్‌ఎంఆర్ ఇక్కడ ఆదుకుంటుంది. కోజీ ప్రయోగం ఏ హైడ్రోజన్ దేనికి పొరుగో చూపుతుంది. హెచ్ఎస్‌క్యూసీ ఏ హైడ్రోజన్ ఏ కార్బన్ మీద ఉందో చెబుతుంది. హెచ్ఎంబీసీ రెండు, మూడు బంధాల దూరంలోని కార్బన్లను కలుపుతుంది. నోయెసీ బంధాలతో నిమిత్తం లేకుండా దాదాపు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు దగ్గరగా ఉన్న హైడ్రోజన్లను పట్టిస్తుంది. వీటిలో నిర్మాణానికి అతుకులు వేసేది హెచ్ఎంబీసీ. తప్పుదారి పట్టించేదీ అదే. కనిపించిన సంబంధం రెండు బంధాలదా, మూడు బంధాలదా అన్నది అది చెప్పదు. ఒక్క బంధం తేడాతో వలయం ఆరు సభ్యులది కావచ్చు, ఐదు సభ్యులది కావచ్చు.

హెక్సాసైక్లినాల్ ఉదంతం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 2002లో ఒక శిలీంధ్రం నుంచి వేరు చేసిన ఈ పదార్థానికి పెరాక్సైడ్ వంతెన ఉన్న నిర్మాణాన్ని ప్రతిపాదించారు. 2006లో ఆ నిర్మాణాన్ని సంశ్లేషించినట్టు ఒక పత్రం కూడా వచ్చింది. అదే ఏడాది స్కాట్ రిచ్‌నోవ్‌స్కీ ఆ నిర్మాణానికి కార్బన్ సిగ్నల్‌లు ఎక్కడ రావాలో క్వాంటం పద్ధతులతో లెక్క కట్టి, ప్రచురితమైన విలువలతో పోల్చారు. పొంతన కుదరలేదు. వేరే అస్థిపంజరం ఉన్న నిర్మాణానికి లెక్క కడితే కుదిరింది. జాన్ పోర్కో బృందం ఆ రెండో నిర్మాణాన్ని సంశ్లేషించి, అది సహజ పదార్థంతో సరిపోతుందని చూపింది. పాత నిర్మాణానికీ, కొత్త దానికీ ఫార్ములా ఒకటే కాబట్టి మాస్ స్పెక్ట్రం ఈ తగాదాలో ఎటూ మొగ్గలేదు.

అలాంటి లెక్కలు ఇప్పుడు నిత్యకృత్యం. 2010లో కేంబ్రిడ్జిలో స్మిత్, గుడ్‌మన్ రూపొందించిన డీపీ4 పద్ధతి, పోటీలో ఉన్న నిర్మాణాల్లో ప్రతిదానికీ సంభావ్యత ఎంతో చెబుతుంది. దాని బలహీనత కూడా ఆ మాటలోనే ఉంది. పోటీలో నిలబెట్టిన వాటికే అది మార్కులు వేస్తుంది. సరైన నిర్మాణం జాబితాలో లేకపోతే, తప్పుల్లో మేలైనదానికి అగ్రస్థానం దక్కుతుంది. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన డెండ్రల్ ప్రాజెక్టు ఈ లోపాన్ని ముందే గ్రహించింది. ఫార్ములాకు సాధ్యమైన నిర్మాణాలను క్రమపద్ధతిలో పుట్టించి, ఆ తర్వాతే మాస్ స్పెక్ట్రంతో ఏరివేయాలన్నది దాని ఆలోచన. కృత్రిమ మేధ చరిత్రలో తొలి నిపుణ వ్యవస్థల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. భద్రపరిచిన స్పెక్ట్రాల గ్రంథాలయంతో పోల్చి అందులోంచి పేరు తీసిచ్చే నేటి సాఫ్ట్‌వేర్‌ల కన్నా ఆ పాత పద్ధతిలోనే తర్కం ఎక్కువ. గ్రంథాలయం తన దగ్గరున్న పేర్లలో దగ్గరిదాన్ని ఇస్తుంది, లేనిదాన్ని లేదని చెప్పదు.

ఎన్ని స్పెక్ట్రాలు తీసినా తేలనివి కొన్ని ఉంటాయి. ఒకదానికొకటి దర్పణ ప్రతిబింబాలైన రెండు అణువులు మామూలు ద్రావణిలో ఒకే ఎన్‌ఎంఆర్, ఒకే పరారుణ, ఒకే మాస్ స్పెక్ట్రం ఇస్తాయి. వాటిని వేరు చేయాలంటే కుడి, ఎడమ రూపాల్లో ఏదో ముందే తెలిసిన మరో అణువును తగిలించాలి, లేదా ధ్రువిత కాంతిని వాడాలి. స్ఫటికం దొరికితే ఎక్స్ కిరణాలతో నేరుగా చూడవచ్చంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే ఎక్స్ కిరణాలు చూసేది ఎలక్ట్రాన్ సాంద్రతను. నైట్రోజన్‌కు ఏడు ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్‌కు ఎనిమిది, కాబట్టి ఆ రెండింటి మధ్య పొరపాటుకు చోటుంది. 1991లో సముద్ర జీవి నుంచి వేరు చేసిన డయాజోనమైడ్-ఎ నిర్మాణాన్ని నిర్ణయించడంలో, దాని దగ్గరి బంధువైన డయాజోనమైడ్-బి ఉత్పన్నపు స్ఫటికంపై చేసిన ఎక్స్ కిరణ అధ్యయనమే ప్రధాన ఆధారం. పదేళ్లకు, 2001లో, పాట్రిక్ హారన్ బృందం ఆ నిర్మాణాన్ని కష్టపడి సంశ్లేషిస్తే, వచ్చిన పదార్థం సహజమైనదానితో సరిపోలలేదు. వాళ్లు పాత స్పెక్ట్రాలనూ, స్ఫటిక వివరాలనూ తిరగేసి, ఆక్సిజన్ అనుకున్న ఒకచోట ఉండవలసింది నైట్రోజన్ అని తేల్చారు.